మీకు తెలుసా? ప్రీనప్ మనకు కొత్తది కాదు, దాని పాత పేరు ఇల్లరికం కాగితం

తుఫాను తెరిపి ఇచ్చిన మర్నాడు ఉప్పాడ తీరానికి వెళ్తే జనం ఇసుక మీద వంగి కనిపిస్తారు. చేత్తో దువ్వుతూ, పుల్లతో కెలుకుతూ మెరిసే రేణువు కోసం వెతుకుతుంటారు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత ఈ దృశ్యం పేపర్లకీ టీవీలకీ కూడా ఎక్కింది. సముద్రం కోసుకుపోయిన ఇళ్ళలో, గుళ్ళలో ఉన్న బంగారమే ఇలా తిరిగొస్తోందని ఊళ్ళో పెద్దవాళ్ళు చెబుతారు. ఒకప్పుడు అది ఎవరి ముక్కుపుడకో, ఎవరి కాసులపేరో. ఇసుకలో కలిశాక దొరికినవాళ్ళదే.

సముద్రం తీసుకుపోయినదాని సంగతి అలా ఉంచండి. ఒడ్డున, బీరువాలో భద్రంగా ఉన్న బంగారం ఎవరిదో తేల్చుకోలేక ఏళ్ళకేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగే దంపతులున్నారు. అందుకే పెళ్ళికి ముందే లెక్కలు రాసుకుందామనే మాట ఈమధ్య మన పిల్లల నోట కూడా వినబడుతోంది. ముందు రాసుకుంటే ప్రీనప్, పెళ్ళయ్యాక రాసుకుంటే పోస్ట్‌నప్. వినగానే పెద్దవాళ్ళు "ఇదేం అపశకునం, ఇది దొరల అలవాటు" అని చెవులు మూసుకుంటారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇది దొరల అలవాటనడం మాత్రం నిజం కాదు.

అల్లుడు సంతకం చేయించుకునేవాడు

మగసంతు లేని రైతు కూతురికి సంబంధం చూసి, అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకోవడం మనకు తరతరాల పద్ధతి. దాన్ని ఇల్లరికం అంటాం, పాత తెలుగులో ఇల్లటం. వచ్చినవాడు ఇల్లటపుటల్లుడు. అతను ఊరికే రాడు. తన కన్నవారి ఇల్లు వదిలి, మామగారి పొలం దున్ని, ఆ ఇంటి బరువు మొయ్యడానికి ఒప్పుకున్నందుకు "నా ఆస్తిలో నీకు వాటా ఉంటుంది" అని మామగారు మాట ఇవ్వాలి. తాంబూలాలు పుచ్చుకునేముందు పెద్దమనుషుల మధ్య తేలే మాట అది. కొన్నిచోట్ల నోటి మాటగా ఉండేది, కొన్నిచోట్ల కాగితం మీదికి ఎక్కేది.

పెళ్ళికి ముందు, పెళ్ళిని ఆధారంగా చేసుకుని, ఆస్తి గురించి కుదుర్చుకున్న ఒప్పందానికి ఇంకో పేరు ఏముంటుంది?

మద్రాసు హైకోర్టు 1880ల మొదట్లోనే ఈ ఆచారాన్ని గుర్తించింది. ఇది ప్రధానంగా కమ్మ, రెడ్డి కుటుంబాల ఆచారమని కోర్టు తీర్పుల్లో ఉంది. ఆ తీర్పుల్లో తేలిన సంగతులు చూస్తే ముచ్చటేస్తుంది. ఇల్లటపుటల్లుడు దత్తపుత్రుడు కాడు. దత్తు వెళ్ళినవాడు పుట్టింటి ఆస్తి మీద హక్కు వదులుకుంటాడు, ఇతను వదులుకోనక్కర్లేదు. అతను వచ్చాక మామగారికి కొడుకు పుట్టినా ఒప్పందం చెడిపోదు, ఆ కొడుకుతో సమానంగా వాటా వస్తుంది. పనిచేసినవాడికి పని విలువ దక్కాలన్న న్యాయం ఇందులో ఉంది. ఈ పద్ధతి తయారుచేసింది ప్లీడర్లు కాదు, పొలం గట్టు మీద కూర్చున్న మన తాతలు.

ఇల్లరికం గురించే ఇంకో కేసుంది. అది కలకత్తా హైకోర్టుది, 1901 నాటిది. పెళ్ళికి ముందే అల్లుడి చేత ఒక కాగితం రాయించారు. అత్తగారింట్లోనే ఉంటాను, భార్యను అక్కణ్ణుంచి ఎన్నడూ తీసుకుపోను అని దాని సారాంశం. కొన్నేళ్ళకు అతను భార్యను తనతో రమ్మన్నాడు. కాగితం చూపించారు. ఆ కాగితం చెల్లదని కోర్టు చెప్పింది. కాపురం ఎక్కడ, ఎలా చెయ్యాలో ముందే కట్టిపడేసే షరతు ధర్మానికీ ప్రజాహితానికీ విరుద్ధమని తేల్చింది. ఆ తర్వాత పదేళ్ళకు మద్రాసు హైకోర్టులోనూ ఇలాంటిదే వచ్చింది. పెళ్ళయ్యాక భార్యాభర్తలు రాసుకున్న కాగితం అది, ముందు ముందు విడిగా ఉండడానికి అనుమతిచ్చే ఒప్పందం. అదీ నిలవలేదు.

ఈ చివరి కేసును పక్కన పెడితే, మొదట చెప్పిన వాటా ఒప్పందం, కలకత్తా కాగితం రెండూ ఇల్లరికపు ఒప్పందాలే. మద్రాసులో పొలం వాటా గురించిన మాట నిలిచింది, కలకత్తాలో మనుషుల్ని కట్టేసే మాట నిలవలేదు. ఇవాళ ప్రీనప్ గురించి అడిగేవాళ్ళందరికీ నేను చెప్పేది ఈ ఒక్క తేడాయే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. "విడిపోతే నీకు ఇంత, నాకు ఇంత" అని ముందే రాసుకున్న హిందూ దంపతుల కాగితం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు. "ఈ పొలం నీది, ఈ అప్పు నాది" అని సరైన పద్ధతిలో రాసి రిజిస్టరు చేసుకున్న కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

కల్యాణపురంలో నోటరీ

ఉప్పాడ నుంచి కాకినాడ, అక్కణ్ణుంచి కోరంగి మీదుగా దక్షిణానికి వెళ్తే యానాం. బాల్యవివాహాలను ఆపడానికి 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు అది ఫ్రెంచివారి యానాంలో చెల్లలేదు. బ్రిటిషు ఆంధ్రలోని కుటుంబాలు చిన్నపిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి మూడుముళ్ళు వేయించాయి. ఊరికి కల్యాణపురం అని పేరే పడింది. ఈ కథ గోదావరి జిల్లాల్లో చాలామందికి తెలుసు.

తెలియనిది ఇంకోటుంది. ఆ యానాంలోనే, ఆ ఫ్రెంచి పాలనలోనే, పెళ్ళికి ముందు ఆస్తి ఒప్పందం రాసుకోవడం పూర్తిగా చట్టబద్ధం. 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్ ప్రకారం వధూవరులు పెళ్ళికి ముందే నోటరీ దగ్గరికి వెళ్ళి ఎవరి ఆస్తి ఎవరికో, ఏది ఉమ్మడో రాయించుకోవచ్చు. అప్పటి నియమం ఎంత గట్టిదంటే, పెళ్ళయ్యాక ఆ కాగితంలో మార్పులు చెయ్యడానికి వీల్లేదు. 1881 సెప్టెంబరు 21 నాటి ఉత్తర్వుతో ఫ్రెంచి భారతంలోని వాళ్ళు తమ వ్యక్తిగత ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వెళ్ళే వీలు కలిగింది. అలా వెళ్ళినవారిని రెనోన్సాంట్లు అంటారు. 1962లో భారతదేశంలో విలీనం చట్టపరంగా పూర్తయ్యాక హిందూ వివాహ చట్టాన్ని, యానాం కూడా కలిసిన పుదుచ్చేరికి విస్తరించినప్పుడు కూడా, ఇది రెనోన్సాంట్లకు వర్తించదని ప్రత్యేకంగా రాశారు. అంటే ఒకే గోదావరి డెల్టాలో, బస్సులో గంటా గంటన్నర దూరంలో, పెళ్ళి ఒప్పందానికి రెండు రకాల న్యాయాలు నడిచాయి.

ఇప్పుడు దేశంలో ఇలాంటి ఒప్పందాలకు బాగా పేరున్న చోటు గోవా. అక్కడ 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది. విడిగా ఏమీ రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి. వేరుగా ఉంచుకోవాలంటే పెళ్ళికి ముందే రాసుకోవాలి.

తమలపాకుల పెట్టె ఖర్చు, నెలకు 500

1877లో ఉత్తరాదిలో ఇద్దరు ముస్లిం తండ్రులు తమ పిల్లల పెళ్ళి మాట్లాడుకున్నారు. వరుడి తండ్రి ఒక కాగితం రాశాడు. కోడలికి పాన్‌దాన్ ఖర్చు కింద నెలకు 500 రూపాయలు జీవితాంతం ఇస్తానని, ఫలానా ఆస్తి మీద ఆ డబ్బు వస్తుందని. పాన్‌దాన్ అంటే తమలపాకుల పెట్టె. ఇంటి ఆడవాళ్ళ చేతి ఖర్చుకు ఆ కాలంలో అది పేరు. తర్వాత మనస్పర్థలొచ్చి ఆమె వేరుగా వెళ్ళింది, మామ డబ్బు ఆపాడు. ఆ కాగితంలో ఆమె సంతకం లేదు, అసలు అది రాసేనాటికి ఆమె మైనరు. అయినా 1910లో లండన్ ప్రీవీ కౌన్సిల్ ఆమె పక్షానే తీర్పిచ్చింది. ముస్లిం పెళ్ళి ఒప్పందం రూపంలోనే జరుగుతుంది కాబట్టి నిఖానామాలో మెహరుతో పాటు న్యాయమైన షరతులు రాసుకునే చోటు ఇప్పటికీ ఉంది. మన ముస్లిం ఆడపిల్లల తల్లిదండ్రులు ఆ కాగితాన్ని ఖాళీగా వదిలెయ్యకూడదని నా కోరిక.

ఒక మగ్గం, రెండు జతల చేతులు, ఒకటే పేరు

మళ్ళీ ఉప్పాడకు వద్దాం. 2009లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఉప్పాడ జాంధానీ చీర ప్రత్యేకత మీకు తెలిసిందే. బుటా ముందువైపు ఎలా ఉంటుందో వెనకవైపూ అలాగే ఉంటుంది. అలా రావాలంటే మగ్గం మీద పక్కపక్కనే ఇద్దరు కూర్చోవాలి. చాలా ఇళ్ళలో ఆ ఇద్దరూ భార్యాభర్తలే. ఒక్క చీరకు వారాలు పడుతుంది, పని ఎక్కువైతే నెల దాటుతుంది.

కూలి మాత్రం ఒక పేరునే వస్తుంది. మాస్టర్ వీవర్ లెక్కల పుస్తకంలో ఇంటాయన పేరు, బ్యాంకు ఖాతా ఆయనది, ఆ డబ్బుతో వేసుకున్న పెంకుటిల్లు ఆయనది. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని నేసినావిడకు చట్టం దృష్టిలో దక్కేది ఏమిటి?

చాలామంది "విడిపోతే సగం ఆస్తి వస్తుంది" అనుకుంటారు. రాదు. గోవా లాంటి చోట తప్ప, మన దేశంలో పెళ్ళయినంత మాత్రాన ఆస్తి ఉమ్మడి అయిపోదు. దస్తావేజు మీద ఎవరి పేరుంటే వాళ్ళదే. భార్యకు మనోవర్తి అడిగే హక్కుంది, ఇంట్లో ఉండే హక్కుంది, ఇంటి మీద సగం హక్కు మాత్రం లేదు. మన న్యాయంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇది. ఒప్పందం అవసరం డబ్బున్నవాళ్ళకే అనుకుంటాం గానీ, ఇద్దరి చేతుల మీద నడిచే ఇంటికే అది ఎక్కువ కావాలి. కొత్త జంట చెయ్యగలిగింది చాలా మామూలు పని. కూలి జమయ్యే ఖాతాలో రెండో పేరు రాయించడం, స్థలమో ఇల్లో కొంటే దస్తావేజులో ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయించడం. దీన్ని ఎవరూ ప్రీనప్ అనరు, ఏ కోర్టూ కొట్టెయ్యదు.

ఇందులో సర్కారే ఒక అడుగు ముందుంది. 2020 డిసెంబరు 25న ఇళ్ళ స్థలాల పట్టాల పంపిణీ రాష్ట్రమంతటికీ మొదలైంది ఉప్పాడ పక్కనే, యు.కొత్తపల్లి మండలం కొమరగిరిలో. 30 లక్షలకు పైగా స్థలాలు, పట్టాలన్నీ ఆడవాళ్ళ పేరునే.

బోటు అప్పు ఇంటి గడప తొక్కకుండా

సముద్రం మీద బతికేవాళ్ళకు అప్పు తప్పదు. బోటుకు, ఇంజనుకు, వలలకు, వేట లేని నెలల్లో తిండికి. ఆయన పోతే అప్పులవాళ్ళు మొదట చూసేది బీమా డబ్బు వైపే. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం 6వ సెక్షన్ దీనికి అడ్డుకట్ట. పెళ్ళయిన మగవాడు తన జీవితం మీద తీసుకునే పాలసీని ఈ చట్టం కింద భార్యాపిల్లల మేలు కోసం అని రాయిస్తే, అది వాళ్ళ కోసం ఉన్న ట్రస్టు అవుతుంది. అప్పులవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు. వాళ్ళను మోసం చెయ్యడానికే ప్రీమియం కట్టాడని రుజువైతే తప్ప. మొదట్లో ఈ వీలు హిందువులకు లేదు, 1923 సవరణతో వచ్చింది. ఒక్కటే జాగ్రత్త, పాలసీ తీసుకునేటప్పుడే దాన్ని ఈ చట్టం కిందికి తెచ్చే ఫారం మీద సంతకం పెట్టాలి. ఏజెంటు చెప్పకపోతే మీరే అడగండి.

మరి బ్యాంకు ఖాతాకు మామూలు నామినీ పేరు రాస్తే సరిపోదా అంటారు. బ్యాంకు డబ్బు విషయంలో నామినీ చేతికి సొమ్ము అందుతుంది, అంతే. అది వారసులందరిదీ.

మూడు నెలల కాపురం, నలభై ఏళ్ళ కష్టం

ఈ కేసు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1955లో పెళ్ళయిన ఒకావిడ మూడు నెలలకే భర్తను పోగొట్టుకుంది. అత్తింటివారు వెళ్ళగొట్టారు. పుట్టింటివారు చదివించారు. ఉద్యోగం చేసింది, కూడబెట్టింది. 1996లో వీలునామా రాయకుండా పోయింది. పిల్లలు లేరు. ఆ డబ్బు ఎవరిది? తల్లి అడిగింది, భర్త తరఫు బంధువులూ అడిగారు. 2009లో సుప్రీంకోర్టు భర్త తరఫువారికే ఇచ్చింది. జాలి వేరు, చట్టం వేరు అన్నది ఆ తీర్పు సారం. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, పిల్లలు లేని హిందూ స్త్రీ స్వార్జితం భర్త కూడా లేకపోతే ముందు భర్త వారసులకు వెళ్తుంది, ఆ తర్వాతే తల్లిదండ్రులకు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినది మాత్రం తిరిగి తండ్రి వైపుకు పోతుంది.

తెల్ల కాగితం మీద ఇద్దరు సాక్షుల ఎదుట రాసిన వీలునామా ఉంటే ఆ తీర్పు అవసరమే పడేది కాదు. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. పెళ్ళయిన ఏడాదిలోపు ఆలుమగలిద్దరూ చెరో వీలునామా రాసుకోవడం నా ఉద్దేశంలో మిగతా కాగితాలన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని. చావు మాట ఎత్తడం అశుభమని మాత్రం వాయిదా వెయ్యకండి.

చెల్లని సంతకాలు

"నాకు మనోవర్తి అక్కర్లేదు" అని భార్య ముందుగా రాసిచ్చినా, రేపు ఆమె దిక్కులేని స్థితిలో పడితే ఆ కాగితం అడ్డు రాదని కోర్టులు పదేపదే చెప్పాయి. బతుకు తెరువును సంతకంతో వదులుకోలేరు. నెల్లూరు ప్రాంతపు తులశమ్మ కేసు ఈ దారిలోదే. భర్త పోయాక మరిదితో తగువు, 1949లో రాజీ కాగితం. మనోవర్తి కింద కొంత ఆస్తి ఇస్తాం, బతికినంతకాలం అనుభవించు, అమ్మడానికి లేదు అని షరతు. 1977లో సుప్రీంకోర్టు ఆ షరతును పక్కన పెట్టింది. మనోవర్తి హక్కు ఆమెకు ముందునుంచీ ఉన్నదే, దాని కింద వచ్చిన ఆస్తికి ఆమె సంపూర్ణ యజమానురాలు అంది.

కట్నం ఇంత ఇస్తాం అన్న ఒప్పందం కూడా చెల్లదు. చెల్లకపోగా నేరానికి సాక్ష్యమవుతుంది. 1961 చట్టం కింద కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం 5 ఏళ్ళ జైలు రాసి ఉంది.

పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చాం అని నోటితో చెప్పుకునేవాళ్ళు డెల్టా నిండా ఉన్నారు. భూమిని దానంగా ఇస్తే రిజిస్టరు దస్తావేజు ఉండాలి. అదీ లేక, పాసు పుస్తకంలో పేరూ మారక, అన్నదమ్ముల తరం వచ్చేసరికి ఆ ఎకరం మాట గాలిలో కలిసిపోయిన ఇళ్ళు ఎన్నో. దానికి తోడు పెళ్ళిలో కూతురి చేత "నా వాటా ముట్టింది" అని తెల్ల కాగితం మీద సంతకం పెట్టించే అలవాటొకటి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉందని మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే అమలయ్యేలా చట్టం చేసింది, దేశానికి 20 ఏళ్ళ ముందు. అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఆ హక్కు వచ్చింది. అంత కష్టపడి వచ్చిన హక్కును పందిట్లో, తలంబ్రాల హడావుడిలో ఒక్క సంతకంతో పోగొట్టుకోమనడం న్యాయం కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో సంగతి. కాలిఫోర్నియాలో ప్రీనప్ ఆఖరి ప్రతి చేతికిచ్చిన రోజుకూ సంతకం పెట్టే రోజుకూ మధ్య కనీసం 7 రోజులు ఉండాలి. చదువుకోవడానికి, అడగడానికి, కాదనడానికి ఆ వారం. ఆ ఒక్క నియమం మనమూ తెచ్చుకుంటే బాగుండును.

అందరూ మరిచిపోయిన పట్టీ

బంగారంతో మొదలుపెట్టాం కదా. పెళ్ళిలో అమ్మాయికి పెట్టిన నగ ఆమె స్త్రీధనం. అత్తింటి బీరువాలో ఉన్నా ఆమెదే, దాచమని ఇచ్చినవాళ్ళు తిరిగివ్వకపోతే అది నమ్మకద్రోహపు నేరం అని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే అక్టోబరు 2న ఒక నియమం అమల్లోకి వచ్చింది. పెళ్ళిలో వచ్చిన కానుకల పట్టీ రాయాలి. ఏ వస్తువు, విలువ సుమారు ఎంత, ఇచ్చినవారెవరు, వారికి వరస ఏమిటి. వధూవరులిద్దరూ దాని మీద సంతకం పెట్టాలి, చదువు రానివారైతే వేలిముద్ర. స్టాంపు కాగితం అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. నలభై ఏళ్ళుగా ఈ నియమం ఉంది. చదివింపుల పుస్తకంలో పదిరూపాయల నోటు కూడా పేరుతో సహా రాసే మనం, కాసులపేరును మాత్రం ఎక్కడా రాయం.

చదివింపుల పుస్తకం పక్కనే ఇంకో నోటుబుక్కు పెట్టండి. పెళ్ళికూతురికి వచ్చినవాటి పట్టీ పెళ్ళికూతురి దగ్గర, పెళ్ళికొడుక్కి వచ్చినవాటి పట్టీ పెళ్ళికొడుకు దగ్గర ఉండాలని ఆ నియమంలోనే ఉంది. అప్పగింతలప్పుడు ఆ నోటుబుక్కు సారె పెట్టెలో కాకుండా అమ్మాయి చేతిలో పెట్టండి.